మా అత్త అడిగి వేయించుకున్న తప్పు

మా వీధి చివర నీళ్ళ ట్యాంకు ఉంది. వారానికొక ఇల్లు చొప్పున దాన్ని కడగాలని వీధిలో ఆడవాళ్ళం ఎప్పుడో అనుకున్నాం. మొన్న నా వంతు. చెంగు దోపుకుని, చీపురు పట్టుకుని నేను వెళ్ళేసరికి ట్యాంకు అప్పటికే తళతళలాడుతోంది. ఎదురింటి కోడలుపిల్ల నవ్వుతూ, "అవ్వా, ఇంక నీకు వంతు తీసేసినాం. అందరం అనుకున్నాం. నువ్వు హాయిగా కూర్చో" అంది. మంచి పిల్ల. ప్రేమగానే అంది. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవర్నడిగి తీసేసినారే?" అని గయ్యిమన్నాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

ఇంటికొచ్చి చీపురు మూలన పడేసి చాలాసేపు గొణుక్కున్నాను. ఇంత చిన్నదానికి అంత కోపం ఎందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు. ఇలాంటి కోపాన్ని ఇదివరకే ఒక మనిషిలో చూశానని సాయంత్రానికి గాని తట్టలేదు. ఇది మా మేనత్త కోపం.

నేను పుట్టింది పులికాటు సరస్సు ఒడ్డున ఒక పల్లెలో. ముందు ఉప్పునీళ్ళు, వెనక ఇసకదిబ్బలు, నడుమ తాటాకు గుడిసెలు. తెల్లారితే చాలు, ఎండురొయ్యల వాసన, దాని మీద సర్విపుల్లల పొగ. ఇప్పటివాళ్ళు ముక్కు మూసుకుంటారు గాని, ఆ వాసన వస్తోందంటే ఆ పూటకు అన్నం ఉందని మాకు ధైర్యం. అప్పటికి నైలాను వలలు ఇంకా రాలేదు. అన్నీ నూలు వలలే. అవి నీళ్ళకు కుళ్ళిపోకుండా అప్పుడప్పుడు పెద్ద కాగుల్లో తుమ్మచెక్క ఉడకబెట్టి, ఆ ఎర్రటి రసంలో ముంచి ఆరేసేవాళ్ళు. ఆ రోజు ఊరంతా వగరు వాసన కొట్టేది. పిల్లలం పెద్దవాళ్ళ కళ్ళుగప్పి ఆ రసంలో చేతులు ముంచి, గోరింటాకు పండిందని మురిసిపోయేవాళ్ళం. ఆ తర్వాత ఎన్ని రోజులు కడిగినా ముద్ద నోట్లో పెట్టుకుంటే వగరే. "బాగా అయింది, తిను" అనేది అమ్మ.

ఇంటికి పెద్దపిల్లగా పుట్టడం నా ఖర్మ. పొద్దున్నే ఇసకలో చెలమ తవ్వి, ఊరిన తియ్యనీళ్ళు చిప్పతో తోడి కడవ నింపాలి. తర్వాత ఎండేసిన రొయ్యల దగ్గర కూర్చుని కాకుల్ని తోలాలి. కాకుల్ని తోలడం మానేసి ఆటల్లో పడితే వీపు విమానం మోతే. అది చెయ్, ఇది చెయ్యబాక, అటు పోబాక. నా చిన్నతనమంతా ఈ మాటలే.

మా గుడిసె పక్కదే అత్త గుడిసె. నాన్నకు అక్క. ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. పిల్లల్లేరు. మామ జ్వరమొచ్చి పోయాక అత్త ఒంటరిదైపోయింది. ఒంటరిదన్నమాటే గాని ఆమెకు తిండికి లోటు రానివ్వలేదు మా ఊరు. ఒడ్డుకొచ్చిన ప్రతి పడవా ఆమె బుట్టలో ఒక గుప్పెడు చేపలు వేసేది. అడగక్కర్లేదు. ఒడ్డున కూర్చుంటే చాలు.

అత్తంటే నాకు ఎంత అసూయో చెప్పలేను. ఆమె ఎప్పుడు లేచినా అడిగేవాళ్ళు లేరు. పొద్దెక్కేదాకా పడుకున్నా, ఎండలో ఒంటరిగా దిబ్బలమ్మట తిరిగినా, సంతలో గాజులబేరం ఆడుతూ సాయంత్రం చేసినా ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు. "పాపం, పోనీలే" అనేవాళ్ళు. పెద్దయ్యాక నేను కూడా అత్తలాగే అవుతానని ఒకసారి అమ్మతో అన్నాను. అమ్మ నా మూతి మీద ఒకటిచ్చి, గుప్పెడు ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. ఎందుకు కొట్టిందో ఆ వయసులో నాకు తెలియలేదు.

అత్త వంట అమృతం. చింతచిగురు దూసుకొచ్చి, పచ్చిరొయ్యలేసి మూకుడులో దగ్గరగా ఉడికించేది. ఆ కూరా సంకటీ తింటుంటే ఒక రోజు అడిగింది.

"ఏమే, ఈ పొద్దు మీ అమ్మ నిన్నెందుకు తిట్టింది?"

"కడవ పగలగొట్టినానత్తా."

"బాగా తిట్టిందా?"

"బాగానే తిట్టింది."

"నేనూ మొన్న ఒకటి పగలగొట్టినా. నన్నెవరూ ఏమీ అనలా" అని అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. అదృష్టమంటే అత్తదే అనుకుంటూ నేను ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

ఇక్కడ మా ఊరి కట్టుబాటు చెప్పాలి. సరస్సు అందరిదే అయినా, సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చిపోయే కాలవ దగ్గరే రొయ్య బాగా పడేది. అక్కడ కొయ్యలు దిగేసి వల కట్టడానికి వంతులుండేవి. ఏటేటా ఊరి వలల కొట్టంలో అందరూ చేరేవాళ్ళు. ఇంటికొక గవ్వ, ఒక్కోదాని మీద ఆ ఇంటి గుర్తు. గవ్వలన్నీ కుండలో వేసి చిన్నపిల్ల చేత తీయిస్తే, వచ్చిన వరసే ఆ ఏటి వంతుల వరస. అయితే మగవాడున్న ఇంటికే గవ్వ. మామ దినాలనాడు ఆయన గవ్వను సరస్సులోకి విసిరేశారు.

ఇంకొకటి దురాయి. ఊరి పెద్దను మేం పెద్దకాపు అనేవాళ్ళం. ఆయన నలుగురు పెద్దలతో కూర్చుని, ఫలానా రోజుల్లో ఫలానా పని ఎవరూ చేయకూడదని చెప్పి డప్పు వేయిస్తే అది దురాయి. దాటినవాడికి శిక్ష ఉంటుంది, దాన్నే తప్పు వేయడం అంటారు. డబ్బు కాదు, ఆ ఏడు రాబోయే వంతు పోతుంది. అంతటితో వదలరు. తన వంతు రోజున వాడు కాలవలో మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, తర్వాతి వంతువాడితో "నా వంతు పోయింది, నువ్వు కట్టుకో" అని ఊరంతా వినేలా చెప్పాలి. మా ఊళ్ళో మీసం మెలేసే ఒక మొనగాడు అలా చెప్పి ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకుని అన్నం కూడా తినలేదు.

ఆ ఏడు వంతుల కాలం దగ్గరపడుతుంటే, అత్త దూలానికి కట్టిన మామ వల దించింది. ఎలకలు కొరికిన చోటల్లా కూర్చుని అల్లింది. మా కాగులోనే తుమ్మచెక్క రసంలో ముంచింది. "అమ్ముతావా వదినా?" అని అమ్మ అడిగితే, తడి వల భుజాన వేసుకుని ఆరేయడానికి వెళ్ళిపోయింది. గవ్వలు తీసే రోజున తిన్నగా కొట్టం ముందుకు వెళ్ళి నిలబడింది. నేను ఆమె వెనకే ఉన్నాను.

"పెదకాపన్నా, నాదీ ఒక గవ్వ వెయ్యి."

పెద్దకాపు ఎంత మెత్తని మనిషంటే, పిల్లల్ని కసరడం కూడా చేతకాదు. నోట్లో తమలపాకు ఒక దవడకు తోసి, "నీకెందుకు తల్లీ ఈ కష్టం? మేం లేమా? నీకేమన్నా తక్కువ చేసినామా?" అన్నాడు.

"తక్కువేం చెయ్యలా. ఎక్కువే చేస్తుండారు."

"మరింకేంది?"

అత్త తుమ్మరసం పండిన రెండు చేతులూ చాపి చూపించింది. ఆయన అది చూసి జాలిపడి, రేపటినుంచి ప్రతి పడవా అత్తకు రెండు గుప్పెళ్ళు వేయాలని అక్కడికక్కడే చెప్పేశాడు. దొరంటే పెద్దకాపే దొర అని ఊరంతా మెచ్చుకుంది. అత్త ఆ మర్నాడు వచ్చిన చేపలన్నీ పిల్లుల ముందు పోసింది.

"అయ్యో, అన్నీ పోసేస్తివే!" అన్నాను.

"దానికీ నాకూ తేడా ఏందే? అదీ ఒడ్డున కూర్చుంటాది, నేనూ కూర్చుంటా. దానికీ ఏస్తారు, నాకూ ఏస్తారు" అంది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి నాకు భయమేసింది. అత్త ఏడవడం మామ పోయినప్పుడు తప్ప నేను చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకు చిన్నరొయ్య లోపలికెక్కే రోజులొచ్చాయి. అది పెరిగేదాకా కాలవలో ఎవరూ చెయ్యి పెట్టకూడదని దురాయి వేశారు. డప్పు మా గుడిసె ముందునుంచే పోయింది. మర్నాడు పొద్దున అత్త నన్ను పిలిచింది.

"బుట్ట తీసుకొని రామే. కాలవకి పోదాం."

"దురాయి గదత్తా?"

"నాకు చెవుడా? వినింటిలే. రా."

నాకేం, కాకుల కాపలా తప్పుతుందని ఎగిరి గంతేశాను. ఇద్దరం నడుంలోతు నీళ్ళలో దిగి, బురదలో చేతులతో తడుముతూ రొయ్యలు పట్టాం. అరచేతిలో అవి టపటపా కొట్టుకుంటుంటే చక్కిలిగింతలు. నేను కిలకిలా నవ్వుతున్నాను. అత్త నవ్వలేదు. గట్టు మీద ఎవరైనా చూస్తున్నారా లేదా అని మాటిమాటికీ తలెత్తేది. తిరిగి వచ్చేటప్పుడు దొడ్డిదోవ వదిలేసి నడివీధిలోంచి, బుట్ట మీద గుడ్డ కూడా కప్పకుండా నడిచింది. వల అల్లుతున్న మగవాళ్ళు చూసి, తలలు దించుకుని మళ్ళీ అల్లికలో పడ్డారు. అరుగు మీద ముసలావిడ, "పాపం, కూరకు లేదేమో" అంది. అంతే. డప్పు కొట్టినవాడు కూడా ఎదురుపడి పక్కకు తొలిగాడు.

తప్పంతా నాకు తగిలింది. ఇంట్లో అడుగుపెట్టానో లేదో నాన్న సర్విబరికె అందుకున్నాడు. "దురాయి దాటతావా? నా పరువు ఏం గావాల?" అంటూ కాళ్ళ మీద వాయించాడు. నేను ఊరెగిరిపోయేలా ఏడుస్తూ అత్త గుడిసెలోకి పరిగెత్తాను. అత్త నన్ను ఒళ్ళోకి తీసుకుని, వాతల మీద కొబ్బరినూనె రాసింది. రాస్తూ రాస్తూ, "నువ్వు అదృష్టవంతురాలివే పిల్లా" అంది. నాకు ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అత్తకు మతి పోయిందనుకున్నాను.

సాయంత్రందాకా ఆమె గుమ్మంలోనే కూర్చుంది, పెద్దకాపు మనిషిని పంపుతాడని. ఎవరూ రాలేదు. పొద్దు వాలుతుంటే కొంగు బిగించి లేచింది. కుంటుకుంటూ నేనూ వెళ్ళాను. కొట్టంలో పెద్దలంతా ఉన్నారు. నాన్న ఒక వారగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దురాయి దాటినా. ఊరంతా చూసింది. నాకు తప్పెయ్యండి" అంది అత్త.

పెద్దకాపు ఇబ్బందిగా నవ్వాడు. "పోనీలేమ్మా. నీకు దురాయేంది?"

"అదే అడగతుండా. నాకెందుకు లేదు? ఈ పసిదానికి గూడా ఉండాది దురాయి, కాళ్ళు చూడండి ఎట్టా వాచినాయో. నాకు లేదా? నేనీ ఊరిదాన్ని గాదా?"

"అంత మాటొద్దు తల్లీ. నీ మొగుడు పోయేముందు నా చెయ్యి పట్టుకొని చెప్పినాడు, దాన్ని కష్టపెట్టబాకన్నా అని. నీకు తప్పేసి ఆయనకు నా మొగం ఎట్టా చూపించేది?"

అత్త ఒక అడుగు ముందుకేసి, "పోయినోడు చెప్పేసి పోయినాడు. ఉండేదాన్ని నేను గదన్నా" అంది.

పెద్దల్లో ఒకాయనకు నోటిదురుసు. ఎప్పుడూ కారాలు మిరియాలు నూరుతుండేవాడు. ఆయన అందుకున్నాడు. "సరే, వేస్తామే అనుకో. తప్పంటే వంతు పోగొట్టేది. నీకు వంతే లేదే, ఏంది మేం పోగొట్టేది?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. దాంతో నోరు మూతపడుతుందనుకున్నారు.

"అయితే ముందియ్యండి" అంది అత్త. "ఇచ్చి, తీసేసుకోండి."

నవ్వినవాళ్ళ నోళ్ళు అలాగే ఉండిపోయాయి. పెద్దకాపు దవడలో ఆకు నమలడం ఆపేశాడు. దురుసాయన మాత్రం వదల్లేదు. "తీసుకుంటాం సరే, వచ్చే తూరి? కొయ్యలు దిగేసేది ఎవరు? ఆడమనిషి చేతనవతాదా?"

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "నేను దిగేస్తా. వల అక్క కట్టుకుంటాది." తిరిగి చూస్తే మా నాన్న. పొద్దున దురాయి పేరుతో నన్ను బాదిన నాన్నే. చెమటతో తడిసి ముద్దయ్యాడు. కొట్టంలో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "పెళ్ళిచూపుల్లో గూడా ఒక్క ముక్క మాట్లాడలేదు ఈ మనిషి" అని అమ్మ ఆ తర్వాత ఏళ్ళతరబడి చెప్పుకుంది.

"రేపు ఊళ్ళో ఉండే విధవలంతా వచ్చి నిలబడతారు, చూసుకోండి" అని దురుసాయన సణిగాడు. "వస్తే చూద్దాంలే" అన్నాడు పెద్దకాపు. అత్త వైపు తిరిగి, ఊరి మీద అధికారం ఉన్నవాడి గొంతుతో, నేనెప్పుడూ వినని గొంతుతో, "గవ్వ తెచ్చుకో. నీ వంతు అందరికీ చివర. దురాయి దాటినందుకు ఈ ఏడు ఆ వంతు పోయింది. ఇంక పో" అన్నాడు. ఆ మెత్తని మనిషికి అలా చెప్పడం ఎంత కష్టమైందో. అత్త ఒంగి, నేలకు చెయ్యి తాకించి దణ్ణం పెట్టింది.

ఆమె వంతు రోజున ఊరు సగం కాలవ గట్టు మీదే ఉంది. అత్త తలంటు పోసుకుని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. చీర తడుస్తుందే అంటే, తడవనీ అంది. మోకాల్లోతు నీళ్ళలోకి దిగింది. చివరి వంతు తర్వాత మళ్ళీ మొదటి వంతు గదా. ఆ మొదటి వంతువాడు కొత్తగా పెళ్ళయిన కుర్రాడు, సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"నా వంతు పోయింది అబ్బయా! నువ్వు కట్టుకో!"

అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. కుర్రాడు తలూపాడు. తలూపితే చాలదు, బదులు చెప్పాలి. అత్త ఇంకా పెద్దగా అరిచింది. "వినపడిందా లేదా? నా వంతు పోయింది!"

"కట్టుకుంటుండా పెద్దమ్మా" అన్నాడు వాడు, ఏడుపుగొంతుతో.

మీసాల మొనగాడు గోడవైపు తిరిగి పడుకున్న ఆ పనికి, మా అత్త మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది. ఉన్నది పోగొట్టుకుని అంత సంతోషపడిన మనిషిని నా జన్మలో మళ్ళీ చూడలేదు. పడవలవాళ్ళకు ఇంక చేపలు వేయొద్దని ముందురోజే చెప్పేసింది. ఆ పూట ఆమెకు కూర లేదు. అమ్మ గిన్నెలో పులుసు పంపితే తీసుకుంది గాని, "బదులని చెప్పు. నా వల తడిచినరోజు ఇచ్చేస్తా" అంది.

ఎవరూ ఏమీ అనకపోతే అదే స్వేచ్ఛ అని నేననుకునేదాన్ని. అడిగితే ఇప్పటికీ చిన్నపిల్లలంతా అదే చెప్తారు, పెద్దవాళ్ళలో కూడా సగం మంది. ఏమీ అనకపోవడంలో, ఈ మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే అన్నమాట కూడా దాగి ఉంటుందని అత్తకు ఒంటరిగా బతికి తెలిసింది. మనిషికి అన్నం కావాలి, నీడ కావాలి. తనను ఆపే ఒక కట్టు, తను మోయాల్సిన ఒక బరువు కూడా కావాలి. అవి లేకుండా పెట్టిన అన్నం ఎంత ప్రేమతో పెట్టినా గొంతు దిగదు. ఇవన్నీ నా మాటలు. అత్త ఇలా ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు వచ్చింది గొడవ పెట్టుకోవడమే.

మరుసటి ఏడు ఆమె నిజంగా వల కట్టింది. నాన్న కొయ్యలు దిగేశాడు. మొదటిరోజే ఆమె తాడు జారి పక్క పడవకు చుట్టుకుంటే, ఆ దురుసాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. అత్త ఊరుకుంటుందా, అంతకు రెండింతలు ఇచ్చింది. ఆ ఏడే ఇంకో విధవ వచ్చి గవ్వ అడిగింది. ఎవరూ కాదనలేదు.

తర్వాత నైలాను వలలొచ్చాయి, తుమ్మచెక్క కాగులు మూలపడ్డాయి. నాకు పెళ్ళయి సూళ్లూరుపేట వచ్చేశాను. వయసు మీదపడి కాళ్ళు లాగేసినప్పుడు అత్త తన గవ్వను తనే తీసుకెళ్ళి పెద్దకాపు కొడుకు చేతిలో పెట్టి వచ్చిందట. వాళ్ళు తీసేయలేదు, ఆమే ఇచ్చేసింది.

ఆమె పోయిందని కబురొస్తే నేను బస్సు దిగి, దిబ్బలమ్మట నడిచి వెళ్ళాను. వంతున్న మగవాడు పోతే ఆ రోజు కాలవకు దురాయి వేయడం మా ఊరి ఆనవాయితీ. ఆడవాళ్ళకు అలాంటిది లేదు. పైగా అవి రొయ్య బాగా పడే రోజులు, మంచి పోటు మీద ఉన్నాయి నీళ్ళు. అయినా కాలవలో ఒక్క పడవ లేదు. కొయ్యలు ఉత్తగా నిలబడి ఉన్నాయి. వలలన్నీ గట్టు మీద పొడిగా ఉన్నాయి.

"దురాయి వేసినారా నాన్నా?" అని అడిగాను.

నాన్న అప్పటికి బాగా ముసలివాడైపోయాడు. కాలవ వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. కొట్టంలో ఎవరూ కూర్చోనే లేదు, డప్పూ వెయ్యలేదు."

"మరి?"

"ఏమో. ఎవరూ కట్టలా" అన్నాడు.

మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. పోటు నిండుగా వచ్చింది. కాసేపటికి తిరిగి, రొయ్యల్ని తీసుకుని సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఎవరూ వల తడపలేదు.